భీమప్ప పిలుపు

తాండూరులో ఒక రాక్ బ్యాండు ఉందంటే పక్కనున్న వికారాబాద్ వాళ్లే పకపకా నవ్వుతారు. నవ్వనీ. ఉంది. దాని పేరు 'దుబ్బ', అంటే దుమ్ము. నాపరాళ్లు కోసే చోట, పాలిష్ పట్టే చోట పుట్టి పెరిగినవాళ్లకు ఒంటి మీదా, అన్నం మీదా, ఆరేసిన బట్టల మీదా పడేది అదే కాబట్టి ఇంకో పేరు వెతుక్కునే పని పడలేదు. గిటారు అజహరుద్దీన్‌ది. వాడికి బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. పాట సింధుజది. యాలాల్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చి ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెబుతుంది, సాయంత్రానికి గొంతు మిగిలితే పాడుతుంది. డ్రమ్ములు ఈశ్వర్‌వి. ఈ కథ వాడిది. వాడి చేతులది అన్నా తప్పులేదు.

ఆ చేతులకు అన్నం పెట్టేది రాక్ కాదు, బరాత్. వాడి మేనమామ మల్లేశ్వర్‌కు ఒక బ్యాండు సెట్టు ఉంది. పెళ్లికొడుకును ఊరేగించే బరాత్‌లో డోలు కొట్టడం ఈశ్వర్ మీసాలు రాకముందే నేర్చుకున్నాడు. దెబ్బలు నేర్పడానికి ముందే మామ వాడికి ఒక్క మాట నేర్పాడు: కళ్లు దస్తీ మీద ఉండాలి. మగపెళ్లివారి మనిషి ఎవడైనా జేబులోంచి దస్తీ, అదే చేతిరుమాలు, తీసి, దాని కొస పళ్ల మధ్య కరిచిపట్టి, డోలు ముందు మోకాలి మీద కూర్చున్నాడంటే, అప్పటిదాకా నువ్వు కొడుతున్నది దేవుడి పాటైనా సరే, ఉన్నపళంగా వదిలేసి చిందులేయించే తీన్మార్‌లోకి తిరగాలి. వాడు లేచేదాకా ఆపకూడదు. తిరగకపోతే వాడి పరువు తీసినట్టు. బొంరాస్‌పేటలో ఒకసారి కొత్తగా వచ్చిన డోలువాడు ఈ సంగతి తెలియక పాత దెబ్బే కొడుతూ నిలబడితే, పెళ్లికొడుకు బావ కాలితో తన్ని డోలు తోలు చింపేశాడు. పెద్దమనుషులు కూర్చుని తప్పు డోలువాడిదే అని తేల్చారు. ఎందుకు తేల్చరు? చిరిగింది వాళ్ల తోలు కాదు కదా. అప్పటినుంచి ఈశ్వర్ చేతులు వాడి బుర్రను అడగడం మానేశాయి. దస్తీ కనబడితే చాలు, వాటంతట అవే తిరుగుతాయి.

ఇక భీమప్ప సంగతి. ఈశ్వర్ నాయన భీమప్ప గొర్రెల కాపరి. ఆయన మంద మేసిన బీళ్లన్నీ ఒక్కొక్కటే రాళ్ల గనులైపోతే, మందను అమ్ముకుని అదే గనిలో రాయి కోయడానికి పోయాడు. తన గొర్రెలు మేసిన చోటే గొయ్యి తవ్వాడు, పాపం. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. మనిషి నిరుడు పోయాడు. ఆ పగలు ఈశ్వర్ కొడంగల్‌లో ఎవరిదో బరాత్‌లో డోలు కొడుతున్నాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీన్మార్ మధ్యలో ఫోను ఎవడికి వినబడుతుంది? వాడు ఇల్లు చేరేసరికి నాయనను వాకిట్లో పడుకోబెట్టేశారు. మెడలో పెళ్లివారు వేసిన పూలదండతోనే వాడు ఆటో దిగాడు. ఆ దండ తీయాలని కూడా తోచలేదు వాడికి, పక్కింటావిడ తీసింది.

పోయే ముందు భీమప్ప గొర్రెలను పిలిచాడు. ప్రతి కాపరికీ ఒక పిలుపు ఉంటుంది. ఎవరి మంద వాళ్ల పిలుపుకే వస్తుంది, పక్కవాడు గొంతు చించుకున్నా తల ఎత్తదు. నాలుక మడిచి 'టుర్ర్ర్' అని మొదలుపెట్టి, చివర ఒక 'ఓయ్'ని సాగదీసి దూరంగా విసిరేవాడు భీమప్ప. ఆ పగలు మంచంలో పడుకునే అలా పిలిచి, వచ్చాయా అని భార్యను అడిగాడు. మంద అమ్మేసి ఎన్నేళ్లయిందో మైసమ్మకు తెలియదా? వచ్చాయి అంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మైసమ్మ ఈ సంగతి ఒకనాడు సింధుజతో చెప్పుకుని ఏడ్చింది. ఆ పిల్ల వారం తిరగకుండా పాట కట్టింది. మూడు చరణాలు. మూడో చరణం అయ్యాక గిటారు ఆగాలి, డ్రమ్ములు ఆగాలి, ఆ నిశ్శబ్దంలో సింధుజ గొంతు ఒక్కటే భీమప్ప పిలుపు పిలవాలి. దానికోసం భీమప్ప తోటి కాపరి హన్మయ్య వెంట చేలగట్ల మీద తిరిగి నేర్చుకుంది. బ్యాండు సాధన చేసే షెడ్డులో మొదటిసారి పిలిచినప్పుడు ఈశ్వర్ చేతిలో కర్రలు జారిపోయాయి. అచ్చం నాయనే.

మైసమ్మ మాత్రం ఇంకా వినలేదు. ఆమె చెవులు అంతంత మాత్రం. పాలిషింగ్ యూనిట్‌లో మిషను పక్కన నిలబడి రాయి తడిపీ తడిపీ కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది, ఎదుటి మనిషి కాస్త గట్టిగా మాట్లాడితే పనిచేస్తుంది. ఫోనులో వినిపిస్తామంటే వద్దంది. నలుగురిలో, పెద్ద పెద్ద సౌండు బాక్సుల్లోంచి వస్తేనే వింటానంది. అదీ న్యాయమే. అప్పటినుంచి ఈశ్వర్‌కు ఒకటే పట్టుదల. ఆ రోజు తన చేతులు ఎవడి పెళ్లిలోనో ఉన్నాయి. ఒక్క రోజైనా నాయన కోసం ఉండాలి. జనం ముందు, అమ్మ వింటుండగా, ఆ పాట మొదటినుంచి పిలుపుదాకా ఒక్కసారి సక్రమంగా కొట్టాలి. అంతకుమించి వాడేమీ కోరుకోలేదు.

వికారాబాద్ అవతల, అనంతగిరి గుట్ట కింద ఒక రిసార్టులో చిన్న క్లబ్బు ఉంది. ఆదివారం పగలు అక్కడ కొత్త బ్యాండ్లకు అవకాశం ఇస్తారని విని అజహర్ మేనేజరు రిత్విక్‌ను పట్టుకున్నాడు. రిత్విక్ అన్నీ సినిమా పాటలే కావాలన్నాడు. అజహర్ బతిమాలి బామాలి చివర ఒక్కటంటే ఒక్కటి సొంత పాటకు ఒప్పించాడు. అది అవగానే డీజే ఎక్కుతాడు, మారుమాట లేకుండా దిగిపోవాలి. అదీ ఒప్పందం.

ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. మైసమ్మ పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుని సింధుజ పక్కన కూర్చుంది. దారంతా ఎడమ చెవి మీది వెంట్రుకలు వెనక్కి సర్దుకుంటూనే ఉంది. దిగేటప్పుడు అజహర్ ఈశ్వర్‌ను పక్కకు తీసుకుపోయాడు.

"అరె, ఆడ అన్ని రకాల మంది ఉంటరు. ఎవడన్న దస్తీ తీస్తే నీ చేతులు ఆగయి, నాకెరుకే. గా పాట మొదలైనంక కండ్లు మూసుకో. పిలుపు అయిపోయేదాంక తెరువకు."

ఈశ్వర్ నాయన మీద ఒట్టు వేశాడు. వేయకపోయి ఉంటే బాగుండేది.

గేటు దగ్గర వాచ్‌మన్ మైసమ్మను ఆపి పనిమనిషివా అని అడిగాడు. రిత్విక్ వచ్చి నవ్వుతూ సర్దిచెప్పాడు. నవ్వుతూ సర్దిచెప్పేవాళ్లతో పెద్ద తంటా, కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వరు. ఆంటీకి ముందు వరసలో ఇబ్బందిగా ఉంటుందని, వంటింటి గోడ పక్కన, స్తంభం వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. సౌండు బాక్సుల మొహాలు అటు లేవు. కుడి చెవే స్టేజీ వైపు ఉంది. ఈశ్వర్ చూశాడు, నోరు విప్పలేదు. పాట పోతుందేమోనని భయం.

సినిమా పాటలు గడిచిపోయాయి. వింటున్నవాళ్లు లేరు. బల్లల మీద పళ్లేలు, గ్లాసులు, పిల్లల గోల, ఫోటోలు. కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవలు తొక్కి తడి నిక్కర్లతో వచ్చిన ఒక గుంపు బారు దగ్గర నిలబడి స్టేజీకి వీపులు చూపిస్తోంది. అజహర్ మొహం మాడ్చుకుని వాయించాడు. సింధుజ ఎవరూ వినని పాటలను కూడా ఎక్కడా తగ్గకుండా పాడింది. అది ఆ పిల్ల గుణం.

చివరికి ఆమె మైకు దగ్గరగా జరిగి, ఇది మా సొంత పాట, మా ఈశ్వర్ నాయనది అని మాత్రం చెప్పింది. ఈశ్వర్ కళ్లు మూసుకున్నాడు.

మొదటి చరణం మంద అడుగులంత నెమ్మదిగా నడుస్తుంది. వాడు పెద్ద డ్రమ్మును కాలితో, చిన్నదాన్ని వేళ్ల కొసలతో తడుతూ పోయాడు. చీకట్లో నాయన భుజం మీద గొంగడి కనబడింది. రెండో చరణంలోకి వచ్చేసరికి ఏదో మారింది. పళ్లేల చప్పుడు తగ్గింది. ఎవరో పిల్లవాణ్ని ఊరుకోమంటున్నారు. బారు దగ్గరి నవ్వులు ఆగాయి. వింటున్నారు. అమ్మతోడు, వింటున్నారు. ఇంతమంది వింటున్నారు, మరి అమ్మ వింటోందా? ఆమె మొహం ఎలా ఉంది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూడాలనిపించింది.

కళ్లు తెరిచాడు.

అమ్మ కనబడలేదు. స్టేజీ ముందు, తడి నిక్కరుతో, దొడ్డుపాటి మనిషి ఒకడు మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. పళ్ల మధ్య తెల్ల దస్తీ. రెండో కొస రెండు చేతులా పట్టుకుని, తల అటూ ఇటూ ఊపుతున్నాడు. వాణ్ని తిట్టి లాభం లేదు. వాడు చెడ్డవాడు కాదు, తాగి అల్లరి చేయడానికీ రాలేదు. ఆ దెబ్బ వాడి మనసుకు పట్టింది. మనసుకు పడితే ఏం చేయాలో వాడికి తెలిసింది అదొక్కటే.

ఈశ్వర్ చేతులు తిరిగాయి.

బుర్ర వద్దంటూనే ఉంది. నాయన మీద ఒట్టు గుర్తుంది. ఏం లాభం? తీన్మార్ పడిపోయింది, గాజు పళ్లేలు అదిరేలా పడింది. సింధుజ సగం మాట మీద నోరు తెరుచుకుని ఉండిపోయింది. అజహర్ వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు. తడి నిక్కర్ల గుంపు మొత్తం ఒక్క ఉదుటున వచ్చి పడింది. బల్లల దగ్గరి ఆడవాళ్లు చెప్పులు విడిచి వచ్చారు. అప్పటిదాకా వీపులు చూపించినవాళ్లంతా ఇప్పుడు ఈశ్వర్ మొహంలోకి చూసి ఈలలు వేస్తున్నారు. ఆపాలి, ఆపాలి అనుకుంటున్నాడు. కానీ దొడ్డుమనిషి ఇంకా లేవలేదు. వాడు లేచేదాకా ఆపకూడదు కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచి ఏం చేయాలి? వాడికి సుఖంగా ఉంది. ఒళ్లంతా తేలిపోయింది. ఆ కాసేపు వాడికి నాయనా గుర్తులేడు, పాటా గుర్తులేదు. ఇదే వాడు తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయిన సంగతి.

దొడ్డుమనిషి లేచేసరికి డీజే ఆ దెబ్బను అందుకుని తన మిషన్లో కలిపేశాడు. బ్యాండు సమయం అయిపోయింది. మూడో చరణం లేదు, పిలుపు లేదు. సింధుజ మైకు స్టాండులో పెట్టేసి దిగిపోయింది.

రిత్విక్ పరుగున వచ్చి ఈశ్వర్‌ను కౌగిలించుకున్నాడు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు బ్రో అన్నాడు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నాడు, అసలు ప్రతి ఆదివారం రమ్మన్నాడు. ఆ ఏడుపు పాట మాత్రం వద్దన్నాడు. గిటారు, అమ్మాయి కూడా అక్కర్లేదు, నువ్వు, నీ డోలు, ఇంకో ఇద్దరు బరాత్ వాళ్లుంటే చాలన్నాడు. వైర్లు చుడుతున్న సింధుజకు వినబడేంత దగ్గరలోనే అన్నాడు ఇదంతా. ఈశ్వర్ అవుననలేదు, కాదనలేదు. కాదనలేదు కదా, అక్కడే తెలిసిపోయింది వాళ్లకు.

"కండ్లు మూసుకొమ్మన్న. గంతే కదరా నిన్ను అడిగింది" అన్నాడు అజహర్.

అమ్మను చూద్దామని తెరిచానని ఈశ్వర్ చెప్పబోయాడు. సింధుజ చెప్పనివ్వలేదు. ఆమె గొంతు పెంచలేదు, అదే వాడికి ఎక్కువ తగిలింది.

"మీ నాయిన నాకు సుట్టం కాడు, పక్కం కాడు. గాయిన పిలుపు కోసం నేను హన్మయ్య తాత వెంబడి ఎండల తిరిగిన. నువ్వు కన్నకొడుకువు. మూడు చరణాలు కొట్టలేకపోయినవ్."

తిరుగు దారిలో అజహర్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సామాను మధ్య మైసమ్మ, సింధుజ, ఎదురుగా ఈశ్వర్. పొద్దు వాలుతోంది. దారికి రెండు పక్కలా కందిచేలు, మధ్యమధ్య గనుల గుంతలు. మైసమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది. కొడుకు కొడితే అంతమంది లేచి ఆడారు, ఆమెకు ఇంకేం కావాలి? వంటింటి ఆడవాళ్లకు కూడా వాడు నా కొడుకే అని చెప్పుకుందట. కొంతదూరం పోయాక ఎడమ చెవి కొడుకు వైపు తిప్పి అడిగింది.

"మీ నాయిన పాట ఎప్పుడు పాడిన్రు కొడుకా? నేను గా పిలుపు కోసమే సూసుకుంట కూసున్న. నాకు ఇనరాలే."

సింధుజ తల ఎత్తి ఈశ్వర్ వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పు అన్నట్టు చూసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పాడనివ్వలేదమ్మా, నేనే చెడగొట్టాను. ఎన్ని మాటలని? ఆమాత్రం కూడా వాడి నోట పలకలేదు.

"పాడినంగదమ్మా" అన్నాడు. "ఆఖర్ల."

"పిలిచిందా పిల్ల?"

"పిలిచింది."

"మీ నాయిన లెక్కనే?"

"గట్లనే."

మైసమ్మ కాసేపు తన కుడి చెవిని అరచేత్తో రుద్దుకుంది. ఆ ముండమిషను తన చెవులు తినేసిందని తిట్టుకుంది. స్తంభం వెనక కూర్చోకుండా లేచి ముందుకు పోవాల్సింది, తనకే బుద్ధి లేదంది. ఎంత మోజుపడి వచ్చి చివరికి వినకుండా పోయానని కళ్లు తుడుచుకుంది. ఈశ్వర్ తన తప్పును తల్లి చెవుల మీదకు నెట్టి, బయటికి చూస్తూ కూర్చున్నాడు. భర్త పోతుంటే ఆమె కూడా అబద్ధమే చెప్పింది, నిజమే. కానీ ఆయన కోసం చెప్పింది. వీడు తన కోసం చెప్పుకున్నాడు.

మైసమ్మ సింధుజ చేయి పట్టుకుంది.

"ఒక్కపారి మళ్ల పిలువరాదు బిడ్డా. ఈడ సప్పుడు లేదు, ఇనొస్తది నాకు."

సింధుజ పెదవులు కదిలాయి. పిలిస్తే ఆ తల్లి కడుపు నిండేది. కానీ పిలిస్తే ఆ అబద్ధానికి తానూ వంత పాడినట్టవుతుంది. ఇంకోసారి ఈశ్వర్ వైపు చూసింది. వాడు చేల వైపు చూస్తున్నాడు.

"గొంతు పోయింది పెద్దమ్మా" అని చేయి విడిపించుకుంది.

ఆ వారం షెడ్డుకు ఎవరూ రాలేదు. సింధుజ ఫోను ఎత్తలేదు. అజహర్ తన గిటారు తీసుకుపోయి దుకాణంలో గోడకు తగిలించాడు. ఈశ్వర్ ఆ దారిన రెండుసార్లు పోయాడు గానీ, ఏ మొహం పెట్టుకుని లోపలికి పోతాడు? బయటినుంచే చూసి వచ్చేశాడు. మామ మల్లేశ్వర్ మాత్రం మస్తు ఖుషీ అయ్యాడు. ఇన్నాళ్లకు దారికొచ్చావురా అన్నాడు. తన సెట్టులోంచి ఇద్దరిని పంపిస్తానన్నాడు.

ఆదివారం వచ్చింది. రిత్విక్ పంపించిన ఎర్ర దస్తీ మెడకు చుట్టుకుని ఈశ్వర్ వాకిట్లోకి వచ్చేసరికి, మైసమ్మ అప్పటికే తలస్నానం చేసి, ఆ ఆకుపచ్చ చీరే ఉతికి ఆరేసి మళ్లీ కట్టుకుని, గడప మీద కూర్చుని ఉంది.

"ఈసారి గా గోడ పక్కన కూసోను కొడుకా. ఎవ్వలేమన్నా సరే, సౌండు డబ్బా ముందరనే కూసుంట. ఎడమ చెవు అటు పెట్టి ఇంట."

ఈ వారం ఆ పాట లేదని ఈశ్వర్ చెప్పాడు. ఎందుకు లేదని ఆమె అడగలేదు. పట్నపోళ్లకు రోజూ ఒకే పాట పాడతారా మరి, అనుకుంది. వచ్చే వారమైనా ఉంటుందా అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాడు. ఆమె సంతోషంగా తల ఊపి, చీర మాసిపోకుండా విప్పి మడత పెట్టడానికి లోపలికి పోయింది. ఈశ్వర్ డోలు ఎత్తి ట్రాలీలో పెట్టాడు.